తాళ్ళపాలెం దగ్గర ఆగిపోయిన పిట్ట

పిల్లల ఆసుపత్రిలో ఆయాగా కొత్తగా చేరే అమ్మాయిలు నన్ను అడుగుతుంటారు, ఈ పనిలో ఏది కష్టమని. పక్కలు మార్చడం, వాంతులు తుడవడం ఎవరైనా నాలుగు రోజుల్లో నేర్చుకుంటారు. ఊపిరి అందని పిల్ల మొహానికి మాస్కు పట్టుకోవడం మాత్రం అంత త్వరగా చేతికి రాదు. మాస్కు పెడితే పిల్ల ఏడుస్తుంది. ఏడిస్తే మందు లోపలికి పోదు. మందు పోకపోతే ఆయాసం ఎక్కువవుతుంది. ఆయాసానికి భయం వేసి ఇంకా ఏడుస్తుంది. గట్టిగా పట్టుకుంటే తల్లి మనల్ని తిడుతుంది, వదిలేస్తే డాక్టరు గారు తిడతారు. మధ్యలో మన చెయ్యి ఉంటుంది.

నేను నర్సీపట్నంలో ఒక చిన్న పిల్లల ఆసుపత్రిలో చాలా ఏళ్ళు చేశాను. మోకాళ్ళు మొరాయించాక మానేశాను. బడిలో మూడో తరగతి దాటలేదు. పేపరు మీద పేరు కూడబలుక్కుని చదువుతాను. అయితే ఒకసారి చూసింది, ఒకసారి విన్నది మాత్రం నా బుర్రలోంచి పోదు. మా ఇంట్లో కథ అంటే నేనే చెప్పాలి. వినేవాళ్ళు ఊకొట్టాలి. ఊకొట్టకపోతే కథ అక్కడే ఆగిపోతుంది, అన్నం ముద్ద కూడా చేతిలోనే ఆగిపోతుంది. నా పిల్లలు అలాగే పెరిగారు.

మాస్కు పట్టే పిల్లల ఏడుపు ఆపే బొమ్మ సినిమాలు నా చేతికి అనుకోకుండా దొరికాయి. మా దగ్గర రోలుగుంట నుంచి వచ్చే సిస్టరు ఒకమ్మాయి ఉండేది. మందు ఆవిరి పట్టేటప్పుడు తన ఫోన్‌లో పిల్లల పాటలు పెట్టేది. పిల్లలు ఒక్క నిమిషం చూసి మళ్ళీ ఏడుపు అందుకునేవాళ్ళు. ఒకరోజు పాట అయిపోయింది. ఎవరి చేతులూ ఖాళీ లేక ఫోన్ అలాగే వదిలేశాం. దానంతటదే ఇంకోటి మొదలైంది. ఒక ముసలి గొడుగు. ఊచ విరిగిందని ఎవరో పారేశారు. అది తన పిడి మీద కుంటుకుంటూ వీధంతా తిరుగుతోంది. మాటల్లేవు, పాటల్లేవు, వాన చప్పుడొక్కటే. చివరికి ఒక పిల్లి పిల్లల్ని పెట్టుకున్న చోటికి వెళ్ళి, వాటి మీద విప్పుకుని నిలబడిపోయింది. అంతే. మందు ఎప్పుడు అయిపోయిందో మాకు తెలియలేదు. మాస్కులో పిల్లాడు, వాడి తల్లి, నేను, ఎక్సరే కోసం వచ్చిన ఎవరో పెద్దాయన, అందరం ఆ చిన్న ఫోన్ మీదకు వంగిపోయి ఉన్నాం.

"ఆయమ్మా, మిషను ఆపండి. ఉత్త గాలి వస్తన్నాది" అంది సిస్టరు.

అప్పటి నుంచి నాకు అదే పిచ్చి. మధ్యాహ్నం అన్నం తిన్నాక మెట్ల కింద కూర్చుని ఒకటి చూసేదాన్ని. ఒకటి నొక్కితే దాని కింద ఇంకో పది వచ్చేవి. ఏ దేశంవాళ్ళు చేశారో తెలియదు. మాటల్లేవు కాబట్టి చదువుకున్న సిస్టరుకి ఎంత అర్థమయ్యేదో నాకూ అంతే అర్థమయ్యేది. కొన్ని ఇసుకతో చేసినవి, కొన్ని ఉన్నితో, కొన్ని కాగితం కత్తిరించి చేసినవి. మట్టి బొమ్మలతో చేసినవి నాకు మరీ ఇష్టం. బాగా దగ్గరగా పెట్టి చూస్తే మట్టి పిల్ల బుగ్గ మీద ఎవరిదో వేలిముద్ర కనబడుతుంది. బొమ్మ కదిలినప్పుడల్లా ఆ ముద్ర మారుతుంది. ఎక్కడో ఎవరో కూర్చుని ఈ బుగ్గని మళ్ళీ మళ్ళీ నొక్కారన్నమాట. చివర్లో పేర్లు పైకి పోతుంటే, చదవడం రాకపోయినా, అన్నీ పోయేదాకా చూసేదాన్ని. అంత చాకిరీ చేసినవాళ్ళు వెళ్తుంటే మనం లేచిపోవడం బాగుండదని.

ఇంటికెళ్ళి కోడలికి చెప్పేదాన్ని. బెండకాయలు తరుగుతూ వినేది.

"అత్తా, దీన్లో ఈరోయిన్ ఎవరు?" అనేది.

"గొడుగే."

"మరి ఈరో?"

"వాన" అనేదాన్ని. అది పడీ పడీ నవ్వేది.

మందు ఆవిరి పట్టడానికి పట్టే సమయానికి ఒక చిన్న బొమ్మ సరిగ్గా సరిపోయేది. డాక్టరు గారు మొదట్లో కోప్పడ్డారు. తరవాత తరవాత ఆయనే, "ఆయమ్మా, ఈ బాబుకి పూటకో బొమ్మ" అని నవ్వుతూ చెప్పి వెళ్ళేవారు.

అయితే అన్ని బొమ్మలూ మంచిగా ముగియవు. అది నేను గట్టి దెబ్బ తిని తెలుసుకున్నాను. ఒకసారి ఒక ముసలి కుక్క కథ పెట్టాను. మొదలంతా నవ్వులే. చివర్లో కుక్క నిద్రపోయి లేవలేదు. వార్డు వార్డంతా గొల్లుమంది. పిల్లలూ, తల్లులూ, నేనూ. డాక్టరు గారు మేడ మీద నుంచి చెప్పులు కూడా లేకుండా పరిగెత్తుకొచ్చారు.

"ఏమైంది? ఎవరు పోయారు?"

"కుక్కండీ" అన్నాను ముక్కు తుడుచుకుంటూ.

ఆయన అన్న మాటలు ఇక్కడ చెప్పను. ఆ రోజు నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. నేను చివరిదాకా చూడనిది జబ్బు పిల్లకి చూపించకూడదు. ఆ నియమం ఒక్కసారే తప్పాను.

అది తుపాను పట్టిన వారం. ఏజెన్సీ నుంచి, గొలుగొండ అవతల కొండల మీద నుంచి, ఒకతను తన కూతుర్ని భుజాన వేసుకుని తెచ్చాడు. నాలుగేళ్ళుంటాయేమో. తల్లికి నెలలు నిండాయి, రాలేకపోయింది. నిమ్ము చేసి పిల్ల డొక్కలు లోపలికి ఎగరేస్తోంది. ముక్కుపుటాలు కోడిపిల్ల రెక్కల్లా కొట్టుకుంటున్నాయి. డాక్టరు గారు గొట్టం పెట్టి రెండువైపులా విన్నారు.

"వైజాగ్ పంపాలి. ఆక్సిజన్ మాస్కు దారంతా ఉండాలి. ఒక్క క్షణం తియ్యకూడదు. ఏడవనివ్వకూడదు" అన్నారు.

పిల్లేమో మాస్కు పెట్టగానే రెండు చేతులా పీకేస్తోంది. చేతులు పట్టుకుంటే పెదాలు నీలంగా మారేలా ఏడుస్తోంది. నిద్రమందు ఇవ్వడానికి వీల్లేదన్నారు. మా తెలుగు ఆ పిల్లకి తెలియదు. వాళ్ళది కొండ భాష. నేను గొడుగు పెట్టాను. చూడలేదు. ఉన్ని గొర్రె పెట్టాను. చూడలేదు. అప్పుడు ఆ పిల్లే నీరసంగా వేలు చాపి, కింద ఉన్న వాటిలో ఒక పిట్ట బొమ్మని తాకింది. అది నేను చూడని బొమ్మ. మొదలైపోయింది. పిల్ల ఏడుపు ఆపింది. మాస్కు ఉండిపోయింది. ఇక దాన్ని ఆపే ధైర్యం ఎవరికుంది?

"ఆయమ్మా, మీరూ అంబులెన్సు ఎక్కండి" అన్నారు డాక్టరు గారు.

వెనకాల సిస్టరు, నేను, పిల్ల, పిల్ల తండ్రి. ముందు డ్రైవరు. మావాడే, నన్ను పిన్నీ అని పిలుస్తాడు. సిస్టరు పిల్ల వేలికి క్లిప్పు పెట్టి నంబరు చూస్తోంది. ఫోన్ సిస్టరుదే, పట్టుకున్నది నేను. తండ్రి ఒక మూల బెంచీ మీద మోకాళ్ళు దగ్గరకు పెట్టుకుని, అద్దంలోంచి వాన చూస్తున్నాడు. ఫోన్ వైపు గాని, పిల్ల వైపు గాని చూడటం లేదు. కొందరు తండ్రులు అంతే. చూస్తే ఏదో అయిపోతుందని భయం.

ఇది మిగతావాటిలా చిన్నది కాదు, పొడుగు బొమ్మ. ఏమిటంటే, తోక లేని ఒక బూడిదరంగు పిట్ట. కొండ మీద దాని గూడు గాలికి కొట్టుకుపోయింది. ఒకే ఒక్క గడ్డిపోచ మిగిలింది. ఆ పోచని ముక్కున కరుచుకుని పిట్ట కొండ దిగుతోంది. ఎగరడం లేదు, నడుస్తోంది. ఎందుకు నడుస్తోందో మొదట అర్థం కాలేదు. ఒక రెక్క వాలిపోయి ఉందని తరవాత కనబడింది. రెక్క వాలిపోయిన పిట్ట కథ ఎక్కడికి పోతుందో ఎవరు చెప్పగలరు? పిల్లేమో కన్నార్పడం లేదు.

మాకవరపాలెం దాటాం. వాన జోరెక్కింది. తాళ్ళపాలెం వస్తోందనగా పిట్ట ఒక వాగు ఒడ్డున నిలబడింది. నీళ్ళు ఉరుకుతున్నాయి. పిట్ట ఒక కాలు ముందుకు పెట్టింది. అంతే, బొమ్మ ఆగిపోయింది. తెర మధ్యలో గుండ్రంగా సున్నా తిరగడం మొదలైంది.

"సిస్టరమ్మా, నెట్ పోనాది!"

"నా చేతిలో ఏటుంది ఆయమ్మా? తుపానుకి టవర్లు పడిపోనాయేమో. ఒకపాలి అటూ ఇటూ తిప్పండి."

తిప్పాను. కిటికీకి ఆనించాను. పైకెత్తాను. సున్నా తిరుగుతూనే ఉంది. పిల్ల కాసేపు ఆ సున్నాని కూడా చూసింది. తరవాత నా మొహం చూసింది. తరవాత చెయ్యి మాస్కు మీదకు పోయింది.

"ఒగ్గొద్దు, పట్టుకోండి! నంబరు తగ్గిపోతంది!" అని సిస్టరు అరిచింది.

ఏం చెయ్యాలో తెలియక ఫోన్ ఒడిలో పడేసి, నా కుడిచెయ్యి పిల్ల మొహం ముందు పెట్టాను. రెండు వేళ్ళు ముక్కులాగా కలిపాను. వాటి మధ్య నా కొంగు అంచు దారం ఒకటి లాగి పెట్టాను. మోచెయ్యి వంచి, వేలు వేలుగా నడిపించాను. పిల్ల చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. చూస్తోంది. నేను ఎడమచేత్తో వాగు చేశాను. పిట్ట ఒడ్డున నిలబడింది. ఒక్క ఎగురులో దాటించేద్దామని చెయ్యి ఇలా ఎత్తానో లేదో, పిల్ల తల అడ్డంగా ఊపేసి ఏదో అంది. మాస్కులో గొణిగింది.

"ఏటంటంది బాబూ?" అని తండ్రిని అడిగాను.

అతను అప్పుడే మొదటిసారి మా వైపు తిరిగాడు. "రెక్క బాగోలేదు గదా, ఎలాగెగురుద్ది అంటందండి."

అతనికి మా ధ్యాస లేదనుకున్నాను గాని, మాస్కులో గొణిగింది కూడా వినబడిందంటే చెవి ఇటే ఉందన్నమాట.

"మరి ఎలాగ దాటిద్దో నువ్వే అడుగు బాబూ."

అడిగాడు. పిల్ల చెయ్యి విప్పి అరచెయ్యి వెల్లకిలా పెట్టింది. ఆకు. సరే, ఆకు మీద దాటించాను. ఆకు ఊగింది, తిరిగింది, అవతల ఒడ్డు తగిలింది. మా ఇంట్లో అలవాటు కొద్దీ నేను పిల్ల వైపు వంగి "ఊ?" అన్నాను. పిల్ల మాస్కులోంచి "ఊ" అంది. వాళ్ళ కొండ మీద కూడా కథకి ఊకొడతారట. ఊ అన్నప్పుడల్లా మాస్కు లోపల తెల్లగా ఆవిరి పట్టి పోయేది. నంబరు కంటే నాకు ఆ ఆవిరే నమ్మకంగా కనబడింది.

ఇక అక్కడి నుంచి నా నోటికీ చేతికీ ఏది దొరికితే అది కథలోకి వచ్చేసింది. రోడ్డు మీద చెరుకు ట్రాక్టరు వెళ్తుంటే పిట్ట దాని మీదకెక్కింది. అనకాపల్లి దగ్గర బెల్లం వాసన వస్తే బెల్లం ముక్క మోసే చీమ ఒకటి ఎదురొచ్చింది. పోచ ఇస్తే బెల్లం ఇస్తానంది. పిట్ట ఇవ్వలేదు. నేను తెలుగులో చెప్తున్నాను, చేతులతో ఆడిస్తున్నాను, తండ్రి మెల్లగా వాళ్ళ భాషలో అందిస్తున్నాడు. ముందు నుంచి డ్రైవరు, "పిన్నీ, బెల్లం ముక్క తీసుకుంటే ఏటైపోద్ది? అంత గీరేటి ఆ పిట్టకి?" అని అరిచాడు.

"నువ్వు రోడ్డు సూడు నాయనా!"

అనకాపల్లి దాటాక నేను "ఊ?" అన్నాను. పిల్ల అనలేదు. కళ్ళు సగం మూసుకుని ఉన్నాయి. మళ్ళీ "ఊ?" అన్నాను. లేదు. మాస్కు లోపల తెల్లదనం పలచబడిపోయింది. క్లిప్పు మిషను గుయ్‌మని మొదలెట్టింది. సిస్టరు మాస్కు సర్దింది, సిలిండరు తిప్పింది, పిల్ల అరికాలు రుద్దింది.

"నిద్రోనివ్వకండి. పలకరించండి, ఎవరో ఒకలు పలకరించండి!"

వేళ్ళ పిట్ట గాలిలో అలాగే నిలబడిపోయింది. ఊకొట్టకపోతే కథ చెప్పని అలవాటు నా ఒంట్లో ఎంత ఇంకిపోయిందంటే, ఆ క్షణాన నాకు మాటే రాలేదు. అప్పుడు మూల నుంచి "ఊ" అని వినబడింది. తండ్రి. మోకాళ్ళ మీద పిల్ల పక్కకు వచ్చి, దాని చెవి దగ్గర నోరు పెట్టి, "ఊ... ఊ..." అంటున్నాడు. నాకు సైగ చేశాడు, కానివ్వమని. నేను చెప్పాను. ఏం చెప్పానో ఇన్ని గుర్తుండే నాకు అది మాత్రం గుర్తు లేదు. అతను ఊకొడుతూ పోయాడు. చాలాసేపటికి పిల్ల వేలు ఒకటి లేచి నా కొంగు దారం పట్టుకుంది. మిషను మోత ఆగింది. సిస్టరు ముఖం అటు తిప్పేసుకుంది.

వైజాగ్‌లో పెద్దాసుపత్రి మెట్ల దగ్గరే పిల్లని లోపలికి తోసుకుపోయారు. సిస్టరు కాగితాలతో వాళ్ళ వెంట పరిగెత్తింది. నేనూ తండ్రీ తలుపు బయట కూర్చుండిపోయాం. అప్పుడు నా చేతిలో ఫోన్ కదిలింది. నెట్ వచ్చింది. సున్నా మాయమై, వాగు ఒడ్డున పిట్ట ఒళ్ళు దులుపుకుని రెండో కాలు నీళ్ళలో పెట్టబోతోంది. గబుక్కున పక్క మీట నొక్కేశాను. తెర నల్లబడింది.

"ఆపేసినారేటమ్మా?" అన్నాడు అతను.

"నాకు ఈ బొమ్మలు తెలుసు బాబూ. కొన్ని సెడ్డగా అయిపోతాయి."

అతను ఆ నల్లటి తెర వంక చూశాడు, తలుపు వంక చూశాడు. "అయితే మీరే సెప్పండి. తరవాతేటి?"

"నాకూ తెల్దు కదా."

"తెల్దు కాబట్టే సెప్పండి."

చెప్పాను. పిట్ట ఒక చెట్టు చూసింది. మొదటి కొమ్మ మీద ఎండ ఎక్కువ. రెండో కొమ్మ మీద చీమలు. అతను గోడకి తల ఆనించి, కళ్ళు తలుపు మీదే పెట్టి ఊకొడుతున్నాడు. పోచని ఏ కొమ్మ మీదా పెట్టించడానికి నా మనసు ఒప్పుకోలేదు. పెడితే కథ అయిపోతుంది. అయిపోతే ఇద్దరం ఊరికే ఆ తలుపు చూస్తూ కూర్చోవాలి. అందుకని కొమ్మ తరవాత కొమ్మ వంక పెడుతూ పోయాను. అతనికీ అదే కావాలని ఊ అనే తీరులోనే తెలిసిపోయింది.

తలుపు తెరుచుకుంది. తెల్లకోటు అమ్మాయి ఒకామె బయటకు తొంగి చూసింది. "ఏజెన్సీ నుంచి వచ్చిన పాప తాలూకా ఎవరు?"

మేం ఇద్దరం ఒకేసారి లేచాం.

"పాప తెలివిలోకొచ్చింది. మాస్కు పీకేస్తోంది. రెండు వేళ్ళు ఇలా పెట్టి ఏదో అడుగుతోంది, మాకు అర్థం కావట్లేదు. ఒక్కరు రండి."

నేను ఒక అడుగు వేసి ఆగిపోయాను. "నువ్వెల్లు బాబూ."

అతను గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగాడు. "గడ్డిపోస కొమ్మ మీదెట్టేసిందాండీ?"

"ఇంకా నేదు. నోట్లోనే ఉంది."

"అయితే సరే" అని లోపలికి వెళ్ళిపోయాడు.

మేం ఆ సాయంత్రమే తిరిగి వచ్చేశాం. తరవాతి రోజులు నాకు అన్నం సరిగా దిగలేదు. సిస్టరు ఎవరెవరికో ఫోన్ చేసి కనుక్కుంటూ ఉండేది. బాగానే ఉందట అనేది, మళ్ళీ జ్వరం వచ్చిందట అనేది, మళ్ళీ బాగానే ఉందట అనేది. నేను మెట్ల కింద కూర్చోవడం మానేశాను.

ఒకరోజు పొద్దున్నే ఆ తండ్రీ కూతురూ కొండకి పోతూ మా ఆసుపత్రి ముందు దిగారు. పిల్ల చిక్కిపోయింది, జుట్టు నున్నగా దువ్వి ఉంది. నన్ను చూసి తండ్రి కాళ్ళ వెనక దాక్కుంది. సిస్టరు ఫోన్ తెచ్చి పిట్ట బొమ్మ పెట్టబోతే తల అడ్డంగా ఊపేసింది.

"గూడు కట్టేసిందా బాబూ మన పిట్ట?" అని తండ్రిని అడిగాను.

"ఎప్పుడో కట్టేసిందండి. ఇప్పుడు పక్క కొమ్మ కాకితో తగువు. ఆ కాకి బాగా సెడ్డదటండి."

పిల్ల అది విని ముందుకొచ్చింది. రెండు వేళ్ళు ముక్కులా కలిపి నా మొహం దగ్గర పెట్టి, వాళ్ళ భాషలో మొదలెట్టింది. కాకి ఏమందో, పిట్ట ఏమందో, గడ్డిపోచ ఎవరు ఎటు లాగారో, నాకు ఒక్క మాట అర్థం కాలేదు. నేను ఊకొడదామంటే కూడా సందు ఇవ్వలేదు. ఆ తగువంతా ఒక్క ఊపిరిలో చెప్పేసింది.